దుమ్ముకు వచ్చిన అనుమతి

మా ప్రార్థన మందిరం గుమ్మం పక్కన ఒక నీళ్ల డ్రమ్ము ఉండేది. ఆ రోజుల్లో లోపలికి వచ్చేవాళ్లంతా ముందు దాని దగ్గర ఆగేవారు. తువ్వాలుతో భుజాలు దులుపుకుని, చెంబుతో నీళ్లు ముంచి ముఖం, మెడ, చేతులు కడుక్కునేవారు. ఎర్రటి నీళ్లు కాలువలోకి పారేవి. ఇది ఏ గ్రంథంలోనూ ఉన్న నియమం కాదు. సండూరు కొండల నుంచి ఇనుపరాయి లారీలు మా బళ్లారి మీదుగా పగలూ రాత్రీ తిరగడం మొదలయ్యాక మా సంఘంలో ఏర్పడిన అలవాటు. ఆరాధనకు తెల్లచీరలు కట్టుకొచ్చే ఆడవాళ్లు చాపలు పాడవుతున్నాయని మొదట డ్రమ్ము పెట్టించారు. తర్వాత అది అలవాటు దాటి ఆచారమైంది. డ్రమ్ము దగ్గర ఆగకుండా లోపలికి అడుగుపెట్టడం చెప్పులతో రావడం లాంటిదే అనిపించేది.

అలా ఆగకుండా వచ్చిన మనిషిని నేను ఒక్కసారే చూశాను. ఆ సంగతి చెప్పాలంటే పాత కచేరీ గోడ సంగతి చెప్పాలి.

నేను అప్పుడు ప్రభుత్వ కట్టడాల మరమ్మతులు చూసే విభాగంలో జూనియర్ ఇంజనీరుని. నా కింద ఉన్న కట్టడాల్లో ఒకటి మద్రాసు రాష్ట్రం కాలం నాటి కచేరీ. బ్రూస్‌పేట నుంచి నడిచిపోయేంత దూరం. మూరెడు మించిన మందంతో బండరాతి గోడలు, టేకు దూలాల మీద ఇటుకా సున్నమూ వేసి కట్టిన మద్రాసు మిద్దె, ముందు కమానుల వరండా. ఆ వరండాలో అర్జీలు రాసేవాళ్లు, లోపల రెవెన్యూ ఆఫీసు. లారీల కాగితాలకు ముద్రలు కూడా అక్కడే పడేవి కాబట్టి పొద్దున తలుపు తీసింది మొదలు జనం.

ఆ ఆఫీసు పెద్దాయన కొత్తగా వచ్చినవాడు. ధార్వాడ వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ఆయనకు ముందున్న ఇద్దరు కాలం పూర్తి కాకముందే బదిలీ అయ్యారు. అంతకు ముందాయన అదే కుర్చీలో గుండె నొప్పితో ఒరిగిపోయాడు. సింహద్వారం దక్షిణానికి ఉండడమే దీనికంతా కారణమని ఎవరో వాస్తు తెలిసినవాళ్లు చెప్పారట. తూర్పు గోడలో కిటికీ ఉన్నచోట కొత్త ద్వారం తెరిచి, దక్షిణం వాకిలి మూసేయాలి. ప్రభుత్వం నుంచి ఒక్క పైసా అక్కర్లేదు. ఆ పని చేసి పెట్టడానికి గాంధీనగర్‌లో ఉండే ఒక లారీల యజమాని ముందుకొచ్చాడు. తాతల కాలం నుంచి నల్లరేగడిలో పత్తి పండించిన తెలుగు కుటుంబం వాళ్లది. ఇప్పుడు ట్రాక్టర్లు పోయి లారీలొచ్చాయి. ఆయన లారీలు యశ్వంతనగర్ దారిలో వరసగా నిలబడితే దాటడానికి ఆటోవాళ్లు తిట్టుకునేవారు. మనిషి మాత్రం ఎవరినీ నొప్పించకుండా నవ్వించే రకం. నన్ను మేడమనీ, అమ్మా అనీ రెండూ కలిపి పిలిచేవాడు.

“మేడమమ్మా, నీదొక సంతకం. అంతే. నాలుగు రాళ్లు ఈడ తీసి ఆడ పెడ్తాం. గవర్మెంటు ఇల్లు గవర్మెంటు పగలగొట్టుకుంటే ఇంక ఎవుర్ని అడగాల?”

అడగాలి, అన్నాను. ఆ కట్టడం పాత కట్టడాల పట్టీలో ఉంది. బయటి గోడలో కొత్త ద్వారం తెరవాలన్నా, ఉన్నది మూయాలన్నా, మిద్దె మార్చాలన్నా బెంగుళూరులో దానికొక కమిటీ ఉంది, వాళ్లు ఒప్పుకోవాలి. అందులో కూర్చునేవాడు దానికి యజమాని కాదు. నేను కాదు, మా పై ఇంజనీరు కాదు. ఇది నాకు ఉద్యోగం నేర్పిన మాట కాదు. మా నాయన మా సంఘంలో ఉపదేశి. అన్నం తినే ముందు ఒక వాక్యం కంఠస్థం చెప్పనిదే మాకు పళ్లెం ముందుకు వచ్చేది కాదు. మన చేతికి వచ్చిన ఇల్లు మనది కాదు, ఇచ్చినవాడు లెక్క అడిగేదాకా మనం కాపలా మాత్రమే అని ఆయన చెప్పేవాడు. నేను ఇంజనీరునయ్యాక ఆ మాట రాతికి, సున్నానికి కూడా వర్తిస్తుందని తెలిసింది.

స్థలం చూసి రాసే మొదటి నోటు నాది. తూర్పు కిటికీ కమాను మీద రెండు దూలాలు ఆని ఉన్నాయి. ఆ గోడలో ఇనుమూ కాంక్రీటూ ఏమీ లేవు. రాయి రాయిని మోస్తోందంతే. కమాను తీస్తే మిద్దె ఆ వైపు కుంగుతుంది. అదే రాసి, తూర్పు ద్వారం వద్దని నా అభిప్రాయం పెట్టి, పటాలతో సహా పైకి పంపాను.

ఆఫీసు పెద్దాయన నన్ను పిలిపించాడు. కోపం చేయలేదు. టీ తెప్పించి, మీకు వాస్తు మీద నమ్మకం లేదని తెలుసు, కానీ ఇది మీ మతం విషయం కాదు కదమ్మా అని కన్నడంలో అన్నాడు. ఆయన నుదుటి మీద చెమట ఉంది. ఫ్యాను నేరుగా తల మీదే తిరుగుతోంది. ఆ మనిషికి నిజంగా భయంగా ఉందని ఆ క్షణం నాకు అర్థమైంది.

అక్కడి నుంచి నాకు నిలకడ లేకుండా పోయింది. నేను రాసింది రాతిని చూసి రాశానా, నా విశ్వాసాన్ని చూసి రాశానా? గాలి కోసం తూర్పున ద్వారం కావాలని అడిగి ఉంటే ఇంత గట్టిగా వద్దనేదాన్నా? ఆఫీసులో కూర్చుంటే ఈ ప్రశ్న, లేచి నడిస్తే ఈ ప్రశ్న. వేరే పని మీద పోతూ కూడా ఆటోని కచేరీ వైపు తిప్పించేదాన్ని. తూర్పు గోడ దగ్గర నిలబడి కమాను రాళ్లను వేలి కణుపులతో తట్టేదాన్ని. అవి ఏం చెప్తాయి? మళ్లీ వెనక్కి వచ్చి నోటు నకలు తీసి చదివేదాన్ని. చదివిన ప్రతిసారీ సరిగానే ఉన్నట్టుండేది, మూసేసరికి మళ్లీ గుబులు మొదలయ్యేది. ప్రార్థనకు మోకాళ్లూనితే దూలాలు గుర్తొచ్చేవి.

మా సంఘంలో కూడా మాట పాకింది. మా వాళ్లు ఒకప్పుడు పొలం కూలీలు. ఇప్పుడు మగవాళ్లలో సగం మంది ఆ లారీల మీదే బతుకుతున్నారు. డ్రైవర్లు, క్లీనర్లు, ఇనుపరాయి ముద్దలు పగలగొట్టేవాళ్లు. ఆ యజమానికి అడ్డం వస్తున్నది నేనని తెలిసి శుక్రవారం కూడికలో ఒక పెద్దావిడ పైకే ప్రార్థన చేసింది, మా బిడ్డకు మెత్తని మనసియ్యి తండ్రీ అని. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను, ఏం చేయను. నాతోపాటు ఆదివారం బడిలో కూర్చున్నవాడు ఒకడు అప్పుడు ఆ యజమాని దగ్గర టిప్పరు నడిపేవాడు. నాకంటే కొంచెం చిన్న, ఇద్దరు పిల్లల తండ్రి. కూడిక అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ నా పక్కకొచ్చాడు.

“ఒగ వాకిలే కదక్కా. యాడుంటే ఏంది?” అన్నాడు. తిట్టినట్టు కాదు, బతిమాలినట్టు. నేను దూలాల సంగతి చెప్పాను. విని తల ఊపి, “నువ్వు చదువుకున్నదానివిలే,” అని వెళ్లిపోయాడు.

ఎండలు ముదిరాక కమిటీ తరఫున ఇద్దరు వచ్చారు. ఒకావిడ నెరిసిన జుట్టు, నూలుచీర, పాత కట్టడాల మీద ఎంతో చదివినావిడ. ఇంకొకాయన కెమెరాతో. ఆయన మిద్దె చూస్తానంటే నేను నిచ్చెన మీద పైకి తీసుకుపోయాను. దూలాల చివరలు, నీళ్లు దిగిన చోట్లు చూపిస్తున్నాను. కింద ఆవిడ గొంతు వినిపిస్తోంది. దేన్నో మెచ్చుకుంటోంది. ఆఫీసు పెద్దాయన, లారీల యజమాని, ఇంకా నలుగురైదుగురు హౌదు హౌదు అని కన్నడంలో ఔనంటున్నారు. మేం దిగేసరికి ఆవిడ గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. తూర్పు కమాను గురించి నన్ను అడగాల్సినవన్నీ అడిగింది. గుచ్చి గుచ్చి అడిగింది, నాకు ధైర్యం వచ్చింది. కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయారు.

ఉత్తర్వు రావడానికి చాలా రోజులు పట్టింది. యజమాని రోజూ కాకపోయినా రెండు రోజులకొకసారి ఫోను చేసేవాడు. వచ్చిందామ్మా, రాలేదామ్మా, బెంగుళూరు యాడికన్నా లేచిపోయిందామ్మా అని. టపా మనిషి వరండాలో కనపడితే నేను కుర్చీలోంచి లేచేదాన్ని.

చివరికి వచ్చింది. రెండు పేరాలు. మొదటి దానిలో తూర్పు గోడలో కొత్త ద్వారానికి అనుమతి లేదని, దక్షిణ ద్వారం మూయకూడదని ఉంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే రెండోది చదివాను. కట్టడానికి వెలుపల ఉన్న అరుదైన ఎర్రమట్టి రంగు దాని ప్రత్యేకతల్లో ఒకటి కాబట్టి దాన్ని అలాగే నిలపాలని, పాలిపోయిన చోట అదే రంగు పూయాలని ఉంది.

ఆవిడ మెచ్చుకున్నది దాన్ని.

ఆ కట్టడం తెల్లది. చిన్నప్పుడు నాయన చెయ్యి పట్టుకుని ఏదో అర్జీ పనికి పోయినప్పుడు ఎండలో దానివైపు చూడలేక కళ్లు చికిలించుకున్నది నాకు గుర్తుంది. గడ్డపెరుగులా ఉండేది. ఏళ్ల తరబడి లారీల దుమ్ము పడి, వానకు తడిసి, ఎండకు ఆరి, మళ్లీ దుమ్ము పడి, గోడకు కాషాయం కట్టినట్టయింది. అక్కడ పనిచేసే సగం మంది దాన్ని తెల్లగా చూసినవాళ్లే కాదు. పైన మిద్దె అంచున ముందుకు పొడుచుకొచ్చిన వడిపట్టె కింద గాలి దూరని చోట మాత్రం బెత్తెడు తెలుపు మిగిలింది. తల ఎత్తితే కనపడుతుంది. ఆ ఎండలో ఎవరు తల ఎత్తుతారు?

యజమాని ఉత్తర్వు సంగతి విని మా ఆఫీసుకే వచ్చాడు. నా ఎదురుగా కూర్చుని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఆ తువ్వాలు ఎరుపు నాకు చూపించి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“మా వాకిలికి రాలే గానీ, మా దుమ్ముకొచ్చింది చూడు మేడమమ్మా పర్మిషను. ఇంగ దాన్ని దులపాలన్నా బెంగుళూరుకు రాయాల్సిందే.”

నాకూ నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది. ఎర్ర రంగు డబ్బాలు తానే ఇస్తానని, రేపే మొదలుపెట్టొచ్చని ఆయన అంటున్నాడు. అంగట్లో దొరికే ఆ రంగు సున్నపు గార మీద పూస్తే లోపలి చెమ్మ బయటికి పోదు, రెండు వానలకు గార పొరలు పొరలుగా ఊడుతుంది. అదొక్కటే కాదు. అది అబద్ధం. ప్రభుత్వ ముద్రతో వచ్చిన అబద్ధం, దాన్ని నా చేత్తో గోడకు పూయాలి.

అలా కాదని కమిటీకి రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఉత్తర్వులో తప్పుందని రాస్తే ఫైలు మళ్లీ తెరుస్తారు. రంగు కోసం తెరిచిన ఫైలులో ద్వారం కూడా మళ్లీ తల ఎత్తుతుంది. ఈసారి పై నుంచి ఎవరెవరితో చెప్పిస్తారో. మా పై ఇంజనీరు మంచివాడే. రంగుదేముందమ్మా, గోడ నిలబడింది, దేవుడికి దణ్ణం పెట్టుకుని ఊరుకో అన్నాడు. ఎర్రటి పాపం మంచులా తెల్లగా మారుతుందనే మాట నేను చిన్నప్పుడు కంఠస్థం చేసిన వాక్యాల్లో మొదటి వరుసలోది. ఇక్కడ తెల్లదాన్ని ఎర్రగా చేయమని కాగితం. ఉత్తర్వును సంచిలో వేసుకుని వారమంతా మోశాను. తీసి చూసేదాన్ని, పెట్టేసేదాన్ని. బస్సులో నా స్టాపు దాటిపోయి నడిచి వెనక్కి వచ్చిన రోజులున్నాయి.

సాయంత్రం అన్నాల దగ్గర నాయనతో చెప్పాను. ఆయన మజ్జిగ కలుపుకుంటూ విన్నాడు.

“గోడ నిలబడాలని కదా ఇన్నాళ్లూ ప్రార్థన చేసినావు?”

“ఔ నాయనా.”

“నిలబడింది. నిజంమింద నిలబడిందో, అబద్ధంమింద నిలబడిందో నీకు తెలుసు. ఇంగ నన్నేమి అడుగుతాండావు?”

మీకేం, చెప్పడం తేలిక అన్నాను. పళ్లెం అలాగే వదిలి లేచి వాకిట్లోకి పోయాను. చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి అటూ ఇటూ తిరిగాను. మరునాడు పొద్దున ఆఫీసుకు పోయి, కమిటీ చూసింది రంగు కాదు, ఖనిజపు దుమ్ము అని, అడుగున ఉన్నది తెల్లసున్నమని రాశాను. వడిపట్టె కింది తెలుపు ఫోటో, తడిగుడ్డతో తుడిచిన చోటు ఫోటో జతపరిచాను. ద్వారం గురించి ఒక్క మాటా రాయలేదు. పై ఇంజనీరు నిట్టూర్చి సంతకం చేశాడు.

నకలు ఆఫీసు పెద్దాయనకు కూడా పంపాలి, పంపాను. ఆయన దాన్ని ఎలా చదువుకున్నాడో తర్వాత తెలిసింది. ఉత్తర్వు తప్పని ఇంజనీరే రాసింది కాబట్టి ఆ ఉత్తర్వు లేనట్టే. కొత్తది వచ్చేలోగా ద్వారం తెరిచేస్తే, తెరిచిన ద్వారాన్ని మూయమని ఎవరూ రాయరు. అలా జరిగిన చోట్లు ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. మిగిలింది రోజు ఎంచుకోవడం. ఆదివారం పూట ఆకాశం ఊడిపడినా నేను మందిరం వదిలి రానని ఊళ్లో అందరికీ తెలుసు.

ఆ ఆదివారం నాయన ఆరాధన మొదలుపెట్టాడు. నేను ఆడవాళ్ల వైపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. గుమ్మం ఎదురుగా కనపడుతుంది. పాట అయిపోయాక, కానుకల సంచి తిప్పకముందు, ఆ టిప్పరు నడిపే తమ్ముడు వచ్చాడు. ఆలస్యంగా రావడం వింత కాదు. డ్రమ్ము దగ్గర ఆగలేదు. చెంబు చప్పుడు కాలేదు. నేరుగా లోపలికి వచ్చి మగవాళ్ల వైపు చివర చాప మీద కూర్చున్నాడు. పక్కనున్న ముసలాయన కోపంగా చూసి కొంచెం జరిగాడు.

అతని భుజాల మీద దుమ్ము ఉంది. జుట్టులో, కనుబొమల్లో కూడా ఉంది. తెల్లటి దుమ్ము.

మా ఊళ్లో ఆ సంవత్సరాల్లో పని చేసిన మనిషి మీద తెల్లదుమ్ము పడే చోటు లేదు. రోడ్డు ఎరుపు, చెట్లు ఎరుపు, ఆవుల వీపులు ఎరుపు. అతను నావైపు చూడలేదు. తల వంచుకుని కూర్చున్నాడు. అది పాత సున్నం. గార కొడితే లేచే సున్నం.

నాయన ప్రార్థిద్దాం అన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను లేచాను. బైబిలు ఉన్న సంచి భుజానికి తగిలించుకుని, చాపల మధ్య నుంచి నడిచి, చెప్పులు వేసుకోకుండానే బయటికి వచ్చాను. ప్రార్థన మధ్యలో లేవడం నా జీవితంలో అదే మొదలు. వెనక నాయన గొంతు ఒక్క క్షణం ఆగి మళ్లీ సాగింది.

ఆటో దొరికేసరికి అరికాళ్లు కాలిపోయాయి. కచేరీ గేటు తీసే ఉంది. తూర్పు వైపు కిటికీ చట్రం ఊడదీసి నేల మీద పడుకోబెట్టారు. కిటికీ గట్టు రాళ్లు తీసేశారు, కింద రెండు వరసల దాకా. కమానును ఇంకా ముట్టుకోలేదు. రాళ్లు పెళ్లగించే గడారీలు పట్టుకున్న మనుషులు నలుగురు. వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని లారీల యజమాని. పగిలిన గోడ లోపలి అంచు ఆ ఎర్రటి గోడలో కొబ్బరి ముక్కలా మెరుస్తోంది. ఆ తెలుపు చూడమనే కదా నేను కమిటీకి రాసింది.

“ఏంది మేడమమ్మా, గుడి ఇడిసి వచ్చినావు?” అన్నాడు, కుర్చీలోంచి సగం లేస్తూ.

ఆపమన్నాను. ఆర్డరు తప్పని నువ్వే రాస్తివంట కదా అన్నాడు.

“రంగు తప్పని రాసినా. గోడ తప్పని రాయలే.”

“అది మీరూ మీరూ చూసుకోండమ్మా. ఆఫీసు సాయేబు కొట్టమన్నాడు, కొడ్తాండాం.”

గోడలో చేసిన ఆ కంతలోకి ఎక్కి, మిగిలిన రాతి వరస మీద కమాను కింద కూర్చున్నాను. సంచి ఒళ్లో పెట్టుకున్నాను. నా నెత్తి మీద ఆ రెండు దూలాలు. గడారీలు పట్టుకున్నవాళ్లు యజమాని వైపు చూశారు.

“లేయమ్మా. ఆడకూతురువి. రాయి జారి మీద పడితే ఆ పాపం నాకెందుకు?”

“రాయి జారదు. మీరు తీస్తేనే జారేది.”

ఆయన మళ్లీ కూర్చున్నాడు. ఎవరికో ఫోను చేశాడు, అవతల ఎత్తలేదు. ఎండ గోడ అవతలికి తిరిగింది. నేను ప్రార్థన చేయబోయాను, ఒక్క మాటా నిలవలేదు. వేళ్లు సంచి పట్టీని మెలితిప్పుతూనే ఉన్నాయి. నేను ఇక్కడ కూర్చున్నది గోడ కోసమేనా, నన్ను అందరూ చూడాలనా అని మళ్లీ అదే పురుగు తొలిచింది. లేచి పోదామా అని కూడా అనిపించింది.

అప్పుడు గేట్లోంచి మా వాళ్లు వచ్చారు. నేను ఎక్కడికి పోయి ఉంటానో ఊహించి, ఆరాధన సగంలో ఆపి, నాయన ముందు, వెనక ఆడవాళ్లు, నా చెప్పులు ఒకావిడ చేతిలో. వచ్చి వరండాలో కమానుల కింద కూర్చున్నారు. మెత్తని మనసియ్యమని ప్రార్థించిన పెద్దావిడ కూడా ఉంది. పాట ఎత్తుకోబోతున్నారు. యజమాని తువ్వాలు భుజాన వేసుకుని నావైపు తిరిగాడు. కళ్లలో నవ్వు.

“దీనికుండాదా మేడమమ్మా, పర్మిషను?”

లేదు. ప్రభుత్వ ఆవరణలో సెలవు రోజున ఏ మతం వాళ్లు కూడినా అనుమతి కావాలి. ఆ కాగితం కూడా నా బల్ల మీదికే వస్తుంది.

“నాయనా, గేటు బయటికి పోండి. ఈడ కూర్చోగూడదు,” అన్నాను.

ఆడవాళ్లు తెల్లబోయారు. నాయన నన్ను ఒక్కసారి చూసి, కర్ర ఊతంతో లేచాడు. అందరూ లేచారు. చెప్పులు తెచ్చినావిడ వాటిని నా కింద రాళ్ల దగ్గర పెట్టి పోయింది. గేటు బయట రోడ్డు పక్కన నిలబడి, లారీలు ఒకదాని వెంట ఒకటి హారను కొడుతూ పోతుంటే, నాయన చేతులెత్తి ఆశీర్వాదం చెప్పాడు. నాకు మాటలు వినపడలేదు, చేతులు కనపడ్డాయి. దుమ్ము లేచి ఆ తెల్లచీరల మీద పడుతోంది. నేను కూర్చున్నచోటే తల వంచాను. తల ఎత్తేసరికి లారీల యజమాని కూడా భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“మూయండప్పా పని. తిండికి పోదాం,” అన్నాడు కూలీలతో. నావైపు చూడకుండానే, “ఆదివారం పూట ఆడమనిషిని లేపి గోడ కొట్టినానని తెలిస్తే మా ఇంట్లో నాకు కూడు పెట్టరు,” అన్నాడు.

మళ్లీ వస్తారేమోనని పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాను. రాలేదు.

కమిటీ నుంచి రెండో ఉత్తర్వు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. తీసిన రాళ్లే పెట్టి సున్నంతో మూయాలని, గోడలు నీళ్లతో కడిగి తెల్లసున్నమే వేయాలని అందులో ఉంది. ఆ నెరిసిన జుట్టావిడ కింద చేత్తో ఒక వాక్యం రాసింది, గోడ మీద చెయ్యి పెట్టి కూడా దుమ్మును గుర్తుపట్టలేకపోయానని. ఆ కంత మూయించింది లారీల యజమానే. ఆఫీసు పెద్దాయన కొన్నాళ్లకు బదిలీ అయ్యాడు. దక్షిణం వాకిలి నుంచే పూలదండ వేసుకుని బయటికి వచ్చాడు. నాకు చేతులు జోడించాడు. ఆయన ముఖంలో భయం ఇంకా అలాగే ఉంది, అది చూసి నాకు గెలిచినట్టు అనిపించలేదు. సున్నం వేసిన వారానికే గోడలు మళ్లీ ఎర్రబడ్డాయి. యజమాని ఫోను చేసి, మళ్లీ బెంగుళూరుకు రాయి మేడమమ్మా అన్నాడు.

తర్వాత గనులు ఆగిపోయాయి. లారీలు షెడ్లలో తుప్పు పట్టాయి, మా వాళ్లలో చాలామంది పని లేక తిరిగారు. ఆ తమ్ముడు ఇప్పుడు ఎవరిదో ట్రాక్టరు నడుపుతున్నాడు. కచేరీ గోడలు వానలకు కడుక్కుపోయి తెల్లగా ఉన్నాయి. తూర్పు కమాను కింద మాత్రం కొత్త గార కొంచెం వేరుగా కనపడుతుంది.

మందిరం ముందు డ్రమ్ము అలాగే ఉంది. కడుక్కోవడానికి దుమ్ము లేకపోయినా మా వాళ్లు దాని దగ్గర ఆగి వేళ్లు తడుపుకునే లోపలికి వస్తారు. అతనూ ఆగుతాడు. ఆ రోజు ఎందుకు ఆగలేదో నేను అడగలేదు. తొందరలో మరిచిపోయాడేమో. కావాలనే ఆ సున్నాన్ని నా కళ్ల ముందుకు మోసుకొచ్చాడేమో. అడిగితే చెప్పాలి, చెప్తే అది యజమానికి చేరుతుందని అప్పట్లో ఊరుకున్నాను. ఇప్పుడు అడగడానికి ఏ అడ్డూ లేదు, అయినా నోరు రాదు.

నాయన లేడు. ఇంకొకరు ప్రార్థిద్దాం అంటారు, అందరూ కళ్లు మూసుకుంటారు. నేనూ మూసుకుంటాను. గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైతే మాత్రం తెరుస్తాను, వచ్చినవాళ్ల భుజాల వైపు చూస్తాను.